అద్దె యింటికి అర్జీ



మా మాకవరపాలెములో ఇల్లు అన్నచో సొంత యిల్లే. తాటాకుల చుట్టిల్లైనను, పెంకుటిల్లైనను, తనది అని చెప్పుకొనగలిగినదే ఇల్లు. సర్కారుకు అర్జీ పెట్టి అద్దె యిల్లు సంపాదించుకొనవచ్చునని ఎవరైన అన్నచో మా వైపు పెద్దలు నవ్వుదురు. సర్కారును అడుగవలసినది పట్టా. అద్దెకు సర్కారుతో పనియేమి అందురు. ఈ అభిప్రాయము ఊరక పుట్టినది కాదు. దాని వెనుక నూరేండ్ల చరిత్ర యున్నది. ఆ చరిత్రలో మనకు కలిగిన లాభమేమో, జారవిడుచుకొన్న దేమో నాకు తెలిసినంతవరకు మనవి చేయుదును.

పల్లెలో పేదవాని బాధ అద్దె కాదు, అడుగు నేల. పూర్వము వ్యవసాయ కూలీలలో పలువురు రైతు నేలమీదనే పాక వేసికొని బ్రతికెడివారు. నెలకు ఇంతయని అద్దె లేదు. కాని రైతుతో మాట తేడా వచ్చినచో పాక పీకవలసినదే. కూలి చాలదని నోరెత్తిన దినముననే నిలువ నీడ పోవును. అద్దె లేని ఆ కొంపకు వాడు చెల్లించిన వెల తన స్వేచ్ఛ.

ఈ సంగతి మద్రాసు ప్రభుత్వము కొంత గ్రహించినది. 1920 నాటికి లేబరు కమిషనరను అధికారిని నియమించి, అణగారిన జాతుల మేలు చూచు భారము అతనికి అప్పగించిరి. ఆ శాఖవారు ఇండ్ల స్థలములు ఇప్పించుట తమ ముఖ్యమైన పనులలో ఒకటిగా చేసికొనిరి. సర్కారు భూమి యున్నచోట దానినే పంచిరి. లేనిచోట రైతులనుండి నేల సేకరించి, దాని వెలను వాయిదాలమీద రాబట్టుకొనిరి. పల్లెలోని పేదవాడు ఇంటికొరకు సర్కారు గుమ్మము త్రొక్కుట అప్పటినుండి వాడుకలోనికి వచ్చినది. వాడు కోరినది ఇల్లు కాదు, ఇల్లు వేసికొనుటకు చోటు.

స్వరాజ్యము వచ్చిన తరువాత కూడ ఆ దారియే సాగినది. భూమి లేని గ్రామీణ కూలీలకు ఇండ్ల స్థలములిచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 1971లో ప్రారంభించెను. పాక వేసికొని నివసించుచున్న కూలీలకు, చేతిపనులవారికి ఆ నివేశన స్థలముపై యాజమాన్యము కల్పించుచు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1976లో చట్టము చేసెను. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడెను. 1983 తరువాత బలహీన వర్గములకు పక్కా యిండ్లు కట్టించుట ఊరూర జరిగినది. 2020 డిసెంబరు 25వ తేదీన మొదలైన పంపిణీలో రాష్ట్రమంతట సుమారు 30 లక్షల నివేశన స్థలములకు స్త్రీల పేరిట పట్టాలిచ్చిరి. ఎవడును లేవగొట్టలేని చోటు దొరకుట పేదవానికి సామాన్యమైన లాభము కాదు. దానిని తక్కువ చేసి చెప్పుట నా యుద్దేశము కాదు.

అయితే పల్లెవాడు ఎల్లప్పుడును పల్లెలోనే యుండునా? మా విశాఖపట్టణపు సీమనుండి వేలకొలది కూలీలు సముద్రము దాటి రంగూను పోయిరి. అక్కడ రేవులోను, బియ్యపు మిల్లులలోను పాటుపడి, రాత్రివేళ మేస్త్రీ చూపిన ఇరుకు గదులలో ఒకరిప్రక్క ఒకరుగా పండుకొనిరి. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా మిగిలినవారు ప్రాణములు దక్కించుకొని తిరిగి వచ్చిరి. ఆలోపల 1933లో విశాఖపట్టణపు రేవు తెరువబడినది. 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేసిరి. ఊరిలో సొంత పాక యున్నవాడే పట్టణములో అద్దె గదికై వెదకవలసిన కాలము వచ్చినది.

పట్టణములో పేదలకు వసతి చూపుట ప్రభుత్వపు పనియా యను ప్రశ్న అంతకు ముందే పుట్టియుండెను. దానిని మొదట లేవదీసినవి ఉపద్రవములే. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా, 1898లో అక్కడ నగరాభివృద్ధి ట్రస్టు స్థాపింపబడెను. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేయగా, 1912లో నగరాభివృద్ధి మండలి వెలసెను. అది మురికిపేటలను తొలగించి, స్వల్పాదాయము గలవారికి ఇండ్లు కట్టించెను. సీమలో, 1915లో గ్లాస్గో నగరపు స్త్రీలు అద్దెలు చెల్లించమని ఎదురు తిరుగగా, పార్లమెంటు ఆ యేడే అద్దెల పెంపును అరికట్టెను. 1919లో స్థానిక సంఘములే ఇండ్లు కట్టి తక్కువ అద్దెకు ఇయ్యవలెనని చట్టము చేసిరి. నేడు లోకములో సర్కారు అద్దె యిండ్లకు పెట్టెడి అర్జీలకు మూలము ఇటువంటి ఏర్పాటులే.

బొంబాయి అనుభవము మనకు పాఠము వంటిది. 1920 ప్రాంతమున గవర్నరు జార్జి లాయిడ్ దొర కార్మికులకు 50,000 గదులు కట్టింపవలెనని తలపెట్టెను. కట్టినవి 16,000 పైచిలుకు. వర్లీ, నయగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో ఆ చాళ్లు లేచినవి. కాని చిత్రమేమనగా, ఇండ్లు లేక జనులు అల్లాడుచున్న నగరములోనే ఆ గదులు చాలకాలము ఖాళీగా పడియుండెను. అద్దె కూలివాని శక్తికి మించినది. చోటు మిల్లుకు దూరమైనది. గోడలు లేచినంతమాత్రమున ఇల్లు కాదని, అద్దె, దూరము అను రెండును కుదిరినపుడే అది ఇల్లగునని ఆనాడే తేలినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో మద్రాసు రాజధానిలో అద్దెలు మండిపోయెను. 1941లో అద్దె నియంత్రణపు ఉత్తరువు వచ్చెను. 1946లోను, 1949లోను చట్టములు వచ్చెను. 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టము తాను చేసికొనెను. ఆ చట్టము ప్రకారము ఇల్లు ఖాళీయైన 10 దినములలో యజమాని అధికారికి తెలుపవలసియుండెను. అధికారి కావలెనన్నచో ఆ యింటిని సర్కారు ఉద్యోగికి కేటాయించగలిగెడివాడు. న్యాయమైన అద్దెను నిర్ణయింపుమని కాపురమున్నవాడు కోరగలిగెడివాడు. మంచి ఏర్పాటే. కాని అది జంటనగరములకు, పురపాలక సంఘములకు సంబంధించినది. మాకవరపాలెము వంటి పంచాయతీలకు దానితో నిమిత్తము లేకుండెను. పైగా ఉన్న యింటికి అద్దె కట్టడి చేయుట వేరు, లేని యింటిని కట్టుట వేరు.

ఆ కట్టు పనికి 1952లో కేంద్ర ప్రభుత్వము పూనుకొనెను. పారిశ్రామిక కార్మికులకు సహాయ గృహ పథకమని దానికి పేరు. రాష్ట్ర ప్రభుత్వము ఇండ్లు కట్టినచో ఖర్చులో సగము కేంద్రము ఉచితముగా నిచ్చును, సగము అప్పుగా నిచ్చును. ఆ సాయమువలన అద్దె తగ్గును. అర్జీదారుడు ఫ్యాక్టరీ చట్టము క్రిందికి వచ్చు కార్మికుడై యుండవలెను. జీతము నిర్ణీతమైన హద్దు దాటకూడదు. 1956లో మురికివాడల నిర్మూలన పథకము వచ్చెను. మన హౌసింగు బోర్డు చట్టమును ఆ యేటిదే.

ఈ పద్ధతిలోని సుగుణమును మనము సరిగా గుర్తింపలేదని నా తలంపు. పట్టా యిచ్చిన ఇల్లు ఒక కుటుంబమునకు చెందును. అద్దెకిచ్చిన ఇల్లు చెరువువంటిది. నేడు ఒకడు కాపురముండి, నాలుగు రాళ్లు కూడబెట్టుకొని వెళ్లిపోగా, రేపు మరియొకడు వచ్చి చేరును. ఒక్క కప్పు నలుబది యేండ్లలో ఎన్ని కుటుంబములనో ఒడ్డు చేర్చగలదు.

మరి యీ చెరువు ఎందు కెండినది? అద్దె తక్కువ గనుక మరమ్మతులకు సొమ్ము చాలలేదు. మరమ్మతు లేదని కాపురస్థులు అద్దె బకాయి పెట్టిరి. కేటాయింపు ఒకని పేర నుండగా కాపురము మరియొకడు చేసెను. బకాయిదారుని లేవగొట్టుటకు ఏ ప్రభుత్వమునకు మనసు రాలేదు. తుదకు, ఉన్నవారికే అమ్మివేయుట సుఖమని తోచినది. హౌసింగు బోర్డులు కూడ వాయిదాలమీద అమ్మెడి కాలనీలు కట్టుటకే మొగ్గినవి. ఇది మన యొక్కరి కథ కాదు. బ్రిటనులో 1980 చట్టముతో స్థానిక సంఘముల ఇండ్లను కాపురస్థులే కొనుక్కొను హక్కు వచ్చినది. బొంబాయి చాళ్లను కూల్చి, వాటి నివాసులకే సొంత వసతులు కట్టించు పని మన కాలములోనే మొదలైనది. హాంగుకాంగు వంటి కొన్ని చోట్ల మాత్రము సర్కారు అద్దె యిల్లు నిలిచినది. 1953 నాటి షెక్ కిప్ మేయ్ అగ్నిప్రమాదము తరువాత మొదలైన ఆ పనివలన నేటికిని ఆ నగర జనులలో నాలుగవ వంతునకు మించినవారు సర్కారు అద్దె యిండ్లలోనే యున్నారు.

ఈ లోపము ఎంతటిదో 2020లో తెలిసినది. ఆ వేసవిలో దేశమంతట పనులు నిలిచిపోగా, లక్షలాది వలస కూలీలు అద్దె కట్టలేక రోడ్డు పట్టి నడిచిరి. వారిలో స్వగ్రామములో ఇల్లున్నవారు ఎందరో. కూలి దొరకు చోట కప్పు లేకపోవుటయే వారిని నడిపించినది. ఆ యేడు జూలైలో కేంద్ర మంత్రివర్గము సరసమైన అద్దె గృహముల పథకమును ఆమోదించెను. నగరములలో సర్కారు సొమ్ముతో కట్టి ఖాళీగా నుంచిన ఇండ్లను బాగుచేసి వలస కూలీలకు అద్దెకిచ్చుట అందులో ఒక భాగము. ఒడంబడిక 25 సంవత్సరములు. చండీగఢ్, సూరత్ వంటి కొన్ని నగరములలో అది కొంత నెరవేరినది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస యోజన పట్టణ విభాగపు రెండవ దశలో, సొంత యిల్లు కోరనివారికి, కొనలేనివారికి అద్దె వసతి కల్పించుట నాలుగు అంగములలో ఒకటిగా నిలిచినది.

ఇక మా ఊరి మాటకు వత్తును. మాకవరపాలెము 2022నుండి అనకాపల్లి జిల్లాలో నున్నది. అదే జిల్లాలో అచ్యుతాపురము, పరవాడలలో కర్మాగారములు లేచినవి. ఆ వైపు పనికి పోయిన యువకుడు నలుగురితో కలిసి ఒక గది తీసికొని, అడ్వాన్సు కట్టి, అద్దె చెల్లించి, మిగిలినది ఇంటికి పంపవలెను. వానికి సొంత యింటి సాయము కావలెనన్నచో, దేశములో ఎక్కడను పక్కా యిల్లు ఉండరాదని నిబంధన. ఊరిలో తల్లి పేర ఇల్లున్నదని వానికి రెండవ యిల్లు ఇయ్యకపోవుట న్యాయమే. ఒకనికి రెండిచ్చి మరియొకనికి లేదనుట ధర్మము కాదు. కాని వాడు కోరినది రెండవ యిల్లు కాదు గదా! పనియున్నన్నాళ్లు తల దాచుకొని, పని తీరిన నాడు తాళపుచెవి అప్పగించి పోగల గది వానికి చాలును. అట్టి గదికి అర్జీ పుచ్చుకొను వాకిలి దగ్గరలో లేకపోవుటయే మన గృహ చరిత్రలోని లోటు.

అట్టి వాకిలి తెరచినచో పూర్వపు తప్పులు మరల చేయరాదు. అద్దె కూలికి తగియుండవలెను; ఇల్లు పనికి దగ్గరగా నుండవలెను; మరమ్మతుకు వేరుగా సొమ్ము కేటాయింపవలెను; అర్జీల వరుస అందరికి కనబడునట్లు గోడమీద అంటింపవలెను. కాపురమున్నవాడు కూడ, ఈ కప్పు తనకు ముందు ఒకనికి నీడయైనదని, తన తరువాత మరియొకనికి కావలెనని ఎరుగవలెను. పట్టా పేదవానికి నిలువ నేల నిచ్చినది. దానివలన వాడు రైతుకు బెదరక తల యెత్తుకొనగలిగెను. తగిన అద్దెకు దొరకు ఇల్లు వానికి కదలగల స్వేచ్ఛ నిచ్చును. ఈ రెండును కావలెనని కోరుట అత్యాశ కాదు.