మడి నుంచి ప్లాటు దాకా: కామారెడ్డి నేల చదునైన కథ

కామారెడ్డి జిల్లాలో పుట్టుకతోనే చదునుగా ఉన్న నేల తక్కువ. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు నల్లరేగడి నేలలను పక్కన పెడితే మిగతాదంతా ఎత్తుపల్లాల పీఠభూమి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి దారిలో పోతుంటే బండల గుట్టలు, అడవి, ఎక్కడ పల్లం దొరికితే అక్కడొక చెరువు కనిపిస్తాయి. పొలం, కల్లం, మిద్దె, రొట్టె, రైలు కట్ట, ఇంటి ప్లాటు, ఇవాళ ఇక్కడ సమంగా కనిపించేదంతా మనుషులు చదును చేసిందే. ఆనకట్టలు కట్టించిన ప్రభువుల పేర్లూ తేదీలూ శిలాఫలకాల మీద ఉన్నాయి. నేలను మట్టసం చేసిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఈ ప్రాంతపు నూరేళ్ల చరిత్రను ఆ పని వైపు నుంచి చూస్తే చాలా సంగతులు వేరుగా కనిపిస్తాయి.

1916లో మొదలై 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టుతో ఈ కథ ఒక మలుపు తిరిగింది. అంతకుముందు చెరువు కింద పది మడులు, మిగిలింది చెలక. జొన్న, మక్క, కంది పండించే చెలకకు నేల సమంగా ఉండాల్సిన పని లేదు, వాన పడితే చాలు. పోచారం నీళ్లు ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు పారడంతో చెలక మడిగా మారక తప్పలేదు. మరుసటి ఏడాది, 1923లో, మంజీర నది మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య నిజాంసాగర్ పని మొదలైంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931 నాటికి అది పూర్తయింది. ఆయకట్టు 2 లక్షల 75 వేల ఎకరాలుగా లెక్కగట్టారు. ఆ లెక్క కాగితం మీద రాయడం తేలిక. అన్ని ఎకరాల ఎగుడుదిగుడు నేలను నీళ్లు నిలిచే మడులుగా మార్చడం ఇంకో నిజాంసాగర్ కట్టినంత పని. దానికి ఇంజినీరు లేడు, ప్రారంభోత్సవమూ లేదు.

ఆ పని ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. ముందు తుప్పలు కొట్టి, రాళ్లు ఏరి గెట్టు మీద పేర్చాలి. మెరక మీద మట్టిని పారతో తవ్వి, తట్టల్లో మోసి పల్లంలో పోయాలి. ఆ తట్టలు మోసింది ఎక్కువగా ఆడవాళ్లే. కంటికి సమంగా కనిపించాక ఒడ్లు పోసి, నీళ్లు పెట్టాలి. అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది. నీళ్లు నిండిన మడిలో మట్టి ఎక్కడ తేలితే అక్కడ మెరక, మోకాలి లోతు ఎక్కడ దిగితే అక్కడ పల్లం. ఆ నీళ్లలోనే కరిగెట దున్ని, ఎడ్లకు అడ్డంగా ఒక మొద్దు కట్టి, దాని మీద మనిషి నిలబడి మడి పొడవునా లాగించేవారు. మెరక మీదికి రాగానే ఆ మనిషి బరువంతా వేసి తొక్కాలి, పల్లం రాగానే కాలు తేలిక చేయాలి. అప్పుడే మొద్దు ముందు పోగైన బురద పల్లంలో జారుతుంది. ఒక్క ఏడాదిలో మడి కుదురుకోదు. ఏటా రెండు పంటలకూ ఇదే పని చేస్తే, కొన్నేళ్లకు నీళ్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు అంతటా ఒకే మందాన నిలుస్తాయి.

నిజాంసాగర్ కాలువల కింద సాగుకు కోస్తా నుంచి రైతులు తరలివచ్చి బాన్సువాడ, బోధన్ చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్నారు. తడి సాగు నేర్పు వాళ్ల వెంట వచ్చింది. ఆ నేర్పు గురించి చాలా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ మడుల్లో తట్టలు ఎత్తిన స్థానిక కూలీల గురించి, తండాల నుంచి వచ్చి పారలు పట్టిన లంబాడీల గురించి అంత చెప్పుకోకపోవడం అన్యాయం. మడి మట్టసం ఒక్క రైతుకు సంబంధించిన విషయమూ కాదు. మెరక తడవాలంటే తూము దగ్గరి రైతు అవసరానికి మించి నీళ్లు పెట్టాలి. ఆ మించిన నీళ్లు చివరి ఆయకట్టు వాడివి. నిజాంసాగర్ కాలువల చివరి భూములు ఏళ్ల తరబడి ఎండిన కథలో పూడిక, మంజీర ఎగువన కట్టిన సింగూరు ఎంత కారణమో, ఈ చదును సరిగా కుదరకపోవడం కూడా కొంత కారణం.

పూడిక మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. నిజాంసాగర్ మొదటి సామర్థ్యం 29.7 టీఎంసీలు. ఇప్పటి లెక్క 17.8 టీఎంసీలు, అదీ తర్వాత గేట్ల ఎత్తు పెంచుకున్నాకే. మనుషులు పొలాలను చదును చేస్తుంటే నది జలాశయపు అడుగును తన మన్నుతో చదును చేస్తూ పోయింది. చిన్న చెరువుల సంగతీ అంతే. చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైంది ఈ నేల మీదే. 2015 మార్చి 12న, అప్పటికి నిజామాబాద్ జిల్లాలో ఉన్న సదాశివనగర్ పాత చెరువులో పూడిక తీతతో దాన్ని ప్రారంభించారు. తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నారు. ఎరువుగా పనికొచ్చింది, పల్లాలూ పూడాయి. ఈ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ రెండో పనే.

పంట చేతికొచ్చాక కావాల్సింది కల్లం. ఒకప్పుడు ఊరి పక్కన గట్టి జాగా చూసి, నీళ్లు చల్లి, గడ్డి పరిచి, పశువులతో తొక్కించి, పేడ అలికి కల్లం చేసేవారు. అది ఊరందరి ఉమ్మడి ఆస్తి. కోత మిషన్లు వచ్చాక పచ్చి వడ్లు ఒకేసారి కుప్పలు పడసాగాయి, పాత కల్లాలు ఎటో పోయాయి. అందుకే ఇవాళ వడ్లు తారురోడ్ల మీద ఎండుతున్నాయి. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రమంతటా సిమెంటు కల్లాలు కట్టించారు. ఆ ఖర్చు చెల్లదంటూ 2022లో కేంద్రం డబ్బు వెనక్కి ఇమ్మంది, రాజకీయ గొడవ అయింది. వాన మబ్బు పట్టినప్పుడు టార్పాలిన్ పట్టుకొని రోడ్డు మీద పరుగెత్తే రైతుకు ఆ గొడవలో దక్కిందేమీ లేదు.

ఇళ్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. పేదవాడిది గుడిసె లేదా గూన పెంకుల ఇల్లు, కప్పు వాలుగానే ఉండేది. చదునైన కప్పు కలవాడిది. దానికి దూలాలు కావాలి, డంగు సున్నం కావాలి, దాన్ని రోజుల తరబడి దిమ్మిసతో కొట్టే మనుషులు కావాలి. దోమకొండ గడి అలాంటి సున్నపు పనికి ఇప్పటికీ నిలిచిన సాక్ష్యం. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత సిమెంటు వచ్చి స్లాబు అందరిదీ అయింది. బంగ్ల మీద మిరపకాయలు ఎండబెట్టుకోవడం, ఎండాకాలం రాత్రి పడుకోవడం ఒకప్పటి దొరతనం, ఇప్పుడది మామూలు సంగతి. ఇంత మంచి మార్పును మనం ఎప్పుడూ మార్పుగా గుర్తించలేదు.

ఇంట్లో చదును పని, అంటే రొట్టె తట్టడం, అచ్చంగా ఆడవాళ్లది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, కర్రతో ఒత్తితే విచ్చిపోతుంది. అందుకే మరిగిన నీళ్లు పోసి, వేడి తగ్గకముందే అరచేతి మడమతో నొక్కి నొక్కి మెత్తగా చేసి, ముద్దను పొడిపిండి మీద పెట్టి వేళ్లతో తడుతూ తిప్పుతారు. అంచు పగిలితే ఒక వేలితోనే సర్దుతారు. పెంక మీద వేసి పైన తడి చెయ్యి తిప్పితే అది పొంగుతుంది. మద్నూర్, జుక్కల్ దిక్కు మరాఠీ, కన్నడ, తెలుగు కలిసే ఊళ్లలో ఏ భాష ఇంట్లోనైనా వినిపించే చప్పుడు ఇదే. బియ్యప్పిండి సర్వపిండి కూడా వేళ్లతో ఒత్తిందే. వంట కాగానే ఆ చేతులే చాట ముందు వేసుకొని తునికాకును రేకు పట్టీకి సరిపడా కత్తిరించి బీడీలు చుడతాయి. ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆ చాట మీద నడిచాయో చెప్పలేను. 2019 నుంచి బీడీ కార్మికులకు అందుతున్న నెలకు 2,016 రూపాయల పింఛను చిన్న మొత్తమే కావచ్చు, కానీ అది ఈ శ్రమకు దొరికిన గుర్తింపు.

మరో చదును రైలుతో వచ్చింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దిక్కు వేసిన లైను కామారెడ్డిని బెల్లం మార్కెట్ ఊరిగా నిలబెట్టింది. జాతీయ రహదారి ఆ ఊరిని ఇంకా పెంచింది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రం కావడంతో భూమి ధర మారిపోయింది. అప్పటినుంచి చదును అంటే జేసీబీ, ఎర్రమట్టి, హద్దురాళ్లు, వెంచర్ బోర్డు. 2023 జనవరిలో పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట భూములను పారిశ్రామిక జోన్‌గా చూపారని చుట్టుపక్కల రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు. అదే నెలలో మున్సిపాలిటీ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. పైవాళ్లకు ఆ భూములు మ్యాపు మీద ఒక రంగు, అంతే. ఆ మడులు కుదుటపడటానికి ఎన్ని తరాలు పట్టిందో తెలిసినవాళ్లు కాబట్టే రైతులు అంత పట్టుదలగా నిలబడ్డారు.

2025 ఆగస్టు 27, 28 తేదీల వాన ఈ చదునులన్నిటినీ ఒకేసారి పరీక్షించింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు వేలాడాయి. పట్టణంలో కాలనీలు మునిగాయి. నూరేళ్ల పోచారం మీదుగా వరద పొర్లింది, పక్కన మట్టి కోసుకుపోయినా కట్ట మాత్రం నిలబడింది. దాని దిగువన, మంజీర ఒడ్డున, పొలాలు నిలవలేదు. వరి మీద ఇసుక మేటలు వేసింది, కొన్నిచోట్ల పైమట్టి లేచిపోయి రాయి తేలింది. ముత్తాత మొద్దు తొక్కి కుదిర్చిన మడిని మునిమనవడు మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి.

విపత్తు సాయం నిబంధనల్లో మేట తొలగింపుకు చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు 18,000 రూపాయలు ఉంది. అంటే ఎకరానికి ఏడు వేల పైచిలుకు. ఇసుక ఎత్తడానికే అది చాలదు. ఎత్తాక నీళ్లు పెట్టి, మెరక చూసి, మడిని మళ్లీ మట్టసం చేయడానికి రెండు మూడు పంటల కాలం పడుతుంది. ఆ కాలానికి, ఆ కూలికి ఈ లెక్కలో చోటు లేదు. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మడుల కోసమైనా ఆ నిబంధనను సవరించి, ఈ పనిని ఉపాధి హామీ కింద ఎకరాల లెక్కన చేయించాలి.