అత్తయ్య కట్టిన తాడు

ఈ సంక్రాంతికి మా ఇంట్లో గొడవ అరిసెల పాకం గురించి కాదు, చీమల గురించి. నూజివీడు దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. చిన్న రసాలు, బంగినపల్లి, అన్నీ మామగారు పెట్టిన చెట్లే. గట్టు వైపు ఏడు చెట్ల మీద, ఆకులు కలిపి గూళ్లు కట్టే పెద్ద ఎర్రచీమలు మళ్లీ కనిపించాయి. "ఇవుంటే కోత మనుషులు చెట్టెక్కరు. పూత విచ్చేలోపే మందు కొట్టించేద్దాం" అన్నారు మావారు. "కొట్టించరా, నేనిక తోట గడప తొక్కను" అన్నారు అత్తయ్య.

నాలుగేళ్ల కిందట ఇదే మాట విని ఆ చీమల్ని చంపించింది మేమే. మరుసటి ఏడు తేనెమంచు పురుగు పూతని పట్టుకుంది. ఆకుల నిండా జిగురు, దాని మీద మసి, పిందె నిలవలేదు. రెండుసార్లు కొట్టే మందు నాలుగుసార్లయింది. పిల్లలేమో చెట్టు కిందే కాయ లంగాకి తుడుచుకుని తినేసేవాళ్లు. అది చూసి నేనే పట్టుబట్టి రెండేళ్ల కిందట మందులు మాన్పించాను. అప్పట్నుంచీ పశువుల ఎరువు, వేపనూనె, అంతే. కాపు తగ్గింది. అందుకే ఈసారి గొడవలో నా మాటకీ బరువు లేకుండా పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నాను. క్రీ.శ. 304లో జీ హాన్ అనే ఆయన రాశాడని చెప్పే చైనా మొక్కల పుస్తకంలో మా చీమల కథే ఉంది! దక్షిణాన జనం ఈ చీమల్ని గూళ్లతో సహా సంచుల్లో పెట్టి సంతలో అమ్మేవారట. నారింజ చెట్టు మీద అవి లేకపోతే ఒక్క కాయా పురుగు పట్టకుండా మిగలదట. తర్వాతి కాలంలో చీమలు చెట్టు నుంచి చెట్టుకి నడవడానికి వెదురు బద్దలతో వంతెనలు కూడా కట్టారు. మనం డబ్బిచ్చి చంపించుకున్న వాటిని వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నారన్నమాట.

ఇంకో కథ కాలిఫోర్నియాది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక తెల్లటి పొలుసు పురుగు 1880లలో అక్కడి నారింజ తోటల్ని పీల్చేసింది. రైతులు చెట్లు నరుక్కునే దాకా వచ్చింది. ఆ పురుగు పుట్టిన చోటే దాని శత్రువూ ఉంటుందని ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త రైలీ నమ్మాడు. కానీ కీటకాల శాఖ వాళ్లు విదేశాలకి వెళ్లడానికి డబ్బివ్వరు. అందుకని 1888లో మెల్‌బోర్న్‌లో జరిగే ప్రదర్శన పేరు చెప్పి ఆల్బర్ట్ కోబెలెని పంపించారు. ఇంటి ఖర్చుల డబ్బాలోంచి ఇంకో పేరు చెప్పి డబ్బు తీసిన మనకి ఈ తెలివి కొత్త కాదు కదా! ఆయన పంపినవి ఎర్రటి చిన్న అక్షింతల పురుగులు. మొదటి మూడు విడతల్లో వచ్చినవి 129. లాస్ ఏంజెలెస్‌లో ఒక చెట్టుకి గుడారం కట్టి అందులో వదిలారు. 1889 జూన్ కల్లా పది వేలకు పైగా పురుగుల్ని రైతులకి పంచారు. ఏడాది తిరిగేసరికి తోటలు తేరుకున్నాయి. రైతులు సంతోషం పట్టలేక కోబెలెకి బంగారు గడియారం, ఆయన భార్యకి వజ్రాల దుద్దులు ఇచ్చారు. ఆ దుద్దుల సంగతి దగ్గర నేను కాసేపు ఆగిపోయానని ఒప్పుకుంటాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. 1939లో డీడీటీకి పురుగుల్ని చంపే గుణం ఉందని స్విట్జర్లాండ్‌లో మ్యూలర్ కనిపెట్టాడు. 1948లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. యుద్ధం అయ్యాక ఆ మందు కాలిఫోర్నియా తోటలకి చేరింది. అక్షింతల పురుగులు చచ్చాయి. యాభై ఏళ్లుగా అణిగి ఉన్న పొలుసు పురుగు మళ్లీ విరుచుకుపడింది. మళ్లీ ఆ అక్షింతల పురుగుల్నే తెచ్చి వదలాల్సి వచ్చింది. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకూడదన్నది 1989లో.

పొద్దున్న కాఫీ ఇస్తూ ఇదంతా మావారికి చెప్పాను. "వాళ్లది నారింజ, మనది మామిడి. మీ చీమలు పిండినల్లిని పెంచుతాయి, తెలుసా?" అన్నారు. నిజమే, తీపి కోసం పిండినల్లిని ఈ చీమలే కాపలా కాస్తాయి. అంతా లాభమేనని నేనూ అనలేను. ఆఖరికి ఆ ఏడు చెట్లూ అత్తయ్యవి, వాటి జోలికి ఎవరూ పోకూడదు అని ఒప్పందమైంది.

వెదురు వంతెనల సంగతి అత్తయ్యకి చెప్పానో లేదో, నూతి దగ్గర పాత కొబ్బరి తాడు తీసుకుని ఆ ఏడో చెట్టు నుంచి ఎనిమిదో చెట్టుకి కట్టేశారు.

"అమ్మా, ఎనిమిదోది ఒప్పందంలో లేదు" అన్నారు మావారు.

"నేను కట్టింది తాడేరా. నడిచేది చీమలు" అన్నారు అత్తయ్య.

కోత మేస్త్రీ వచ్చి చూసుకుని, ఆ చెట్లకి కూలి ఎక్కువవుతుందని, చేతులకి రాసుకోడానికి బూడిద కూడా మేమే ఇవ్వాలని చెప్పి వెళ్లాడు. మావారు బేరమాడలేదు. పొయ్యిలో బూడిద పారబోయొద్దని నాకు మాత్రం రెండుసార్లు చెప్పారు.