గడి నుంచి మాటకు: పాత్రధారణ ఆటల పరిణామం

కంబం అనగానే చాలామందికి ఆంధ్రదేశంలోని కంభం చెరువు గుర్తుకు వస్తుంది. మనం ఇక్కడ చెప్పుకొనేది తమిళనాడులో, తేని జిల్లాలోని కంబం గురించి. విజయనగర, మధుర నాయకుల కాలాల్లో దక్షిణానికి తరలివచ్చిన తెలుగువారి సంతతి ఈ లోయలో ఇప్పటికీ ఉంది. రాజకంబళ నాయకుల ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. భాష రాతకు దూరమై మాటగానే నిలిచిన చోట ఎలాంటి ఆట దానికి తోడ్పడుతుంది? ఈ ప్రశ్నతోనే ఆటల చరిత్రను పరిశీలిద్దాం.

మనకు తెలిసిన వైకుంఠపాళితో మొదలుపెడదాం. తమిళులు దీన్ని పరమపదం అంటారు. వైకుంఠ ఏకాదశి జాగరణలో ఆడే ఆట ఇది. ఇందులో కాయ ఒక జీవుడు. పాములు దుర్గుణాలకు, నిచ్చెనలు సుగుణాలకు గుర్తులు. కథ అంతా పటం మీద ముందే రాసి ఉంటుంది. పందెం ఎటు పడితే అటు పోవడమే తప్ప ఆటగాడి ఆలోచనకు చోటు లేదు. పటం మీది రాతను చదవలేని పిల్లలకు మిగిలేది అంకెలే. ఈ ఆట పంతొమ్మిదో శతాబ్ది చివర ఇంగ్లండు చేరి, మొదట అక్కడి నీతులను చేర్చుకొని, క్రమంగా వాటినీ వదులుకొంది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములను తీసివేసి జారుడుబల్లలు పెట్టింది. అంటే మాటతో పుట్టిన ఆట అంకెల ఆటగా మారిందన్నమాట.

దీనికి ఎదురు దిశలో నడిచిన ఆటలూ ఉన్నాయి. 1824లో ప్రష్యా సైన్యం పటం, పాచికలతో ఆడే యుద్ధక్రీడను స్వీకరించింది. అందులో ఫలితం చెప్పడానికి ఒక మధ్యవర్తి ఉండేవాడు. 1876 నాటికి వెర్దీ దు వెర్నువా అనే సేనాని లెక్కల పట్టికలను పక్కనపెట్టి, మధ్యవర్తి వివేకానికే పెద్దపీట వేశాడు. ఈ యుద్ధక్రీడల సంప్రదాయం నుంచే 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను రూపొందించారు. ఇక్కడ సేనకు బదులు ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్ర. మధ్యవర్తి స్థానంలో కథ నడిపే సూత్రధారి వచ్చాడు. "ఇప్పుడు ఏం చేస్తావు?" అని అతడు అడుగుతాడు, ఆటగాడు నోటితో చెబుతాడు. పాచికలు ఉన్నా ఆట నడిచేది మాట మీదనే.

తొలినాళ్లలో గుహలోకి దిగడం, భూతాలను చంపడం, నిధి తెచ్చుకోవడం ఇందులో ప్రధానం. 1984లో వచ్చిన 'డ్రాగన్‌లాన్స్' సాహసాలతో పెద్ద కథకు ప్రాముఖ్యం పెరిగింది. 1991 నాటి 'వాంపైర్' పాత్రల అంతస్సంఘర్షణను ముందుకు తెచ్చింది. 2000లో వెలువడిన మూడవ కూర్పుతోపాటు, మూల నియమాల మీద ఇతరులు కూడా ఆటలు రాసుకొనే అనుమతి లభించింది. 2014లో అయిదవ కూర్పు, 2024లో దాని సవరణ వచ్చాయి. ఇతరులు ఆడుతుంటే అంతర్జాలంలో చూసే ప్రేక్షకులు కూడా ఏర్పడ్డారు. ఈ యాభై ఏళ్లలో నియమాల పుస్తకాలు లావెక్కినా, ఆటకు ఊపిరి సంభాషణే.

ఇప్పుడు కంబానికి తిరిగివద్దాం. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం వల్ల మనకు మేలే తప్ప నష్టం లేదు. అయితే తెలుగు వంటింటి మాటలకే పరిమితమైతే, తర్వాతి తరానికి అవి కూడా మిగలవు. పాత్రధారణ ఆటలో బేరమాడాలి, బెదిరించాలి, బతిమాలాలి, దారి అడగాలి. ఇన్ని పనులు చేయించే ఆటకు లిపి రాకపోవడం అడ్డంకి కాదు. గ్రాంథికం అవసరం లేదు, ఇంటి తెలుగు చాలు.

నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఒకరిని సూత్రధారిగా పెట్టుకొని ప్రయత్నించవచ్చు. రాక్షసుల కోటకు బదులు కంబంమెట్టు కొండదారి, ముల్లైపెరియార్ నీళ్లు కథకు రంగస్థలం కావచ్చు. ఆట మధ్యలో ఒక చెట్టు పేరో పనిముట్టు పేరో తెలుగులో తట్టకపోతే ఇంట్లో అవ్వను అడగాలి. ఆమె చెప్పిన మాటను ఒక పుస్తకంలో రాసి ఉంచండి, తమిళ లిపిలోనైనా సరే.