ద్రాక్షారామపు వీరణము

దక్షుని యజ్ఞవాటిక ఇదియేయని స్థలపురాణము చెప్పుకొనునట్టియు, శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున నోరార కీర్తించినట్టియు ద్రాక్షారామములో, వీరభద్రుని పళ్లెరము పట్టి వీరనాట్యకారులు బయలుదేరునప్పుడు, వారు వీథి మలుపు తిరుగకమునుపే వీరణపు మ్రోత వచ్చి మన గుండెను తాకును. పూర్వము రణభేరియని చెప్పెడి ఈ వాద్యమునకు డోలును తాషాయు తోడుకాగా, వీరభద్రుని కీర్తించు ఖడ్గము చదువువాని గొంతు ఆగినచోటనెల్ల దరువు అందుకొని దక్షయజ్ఞధ్వంసమును కన్నులకు కట్టించును.

ఇట్టి వాద్యముల నన్నింటిని ఆంగ్లేయులు పెర్కషన్ అను నొక్కమాటలో చేర్చిరి. దానికి మూలమైన లాటిన్ ధాతువునకు గట్టిగా కొట్టుటయని అర్థము. ఆ పేరు పెట్టినవాని చూపంతయు దెబ్బమీదనే నిలిచినది. నాట్యశాస్త్రము వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెగలు చేసినది. అవనద్ధమనగా చర్మముతో మూసి బిగించినది. ఘనమనగా తాళములవలె గట్టి లోహపుది. రెంటిని కొట్టియే పలికింపవలెను గాని, పేరు వాడుకలో సూచించునది కొట్టుటను గాదు, కొట్టబడు వస్తువునే. నాకు మనవారి త్రోవయే ఉచితమని తోచును. ఏలయన చేయి ఒక్కటియే యైనను తాళము పలుకు వేఱు, మద్దెల పలుకు వేఱు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకొన్నదను సామెత కట్టిన పల్లెవాడును, రెండు ప్రక్కల దెబ్బతిను ఆ మద్దెల పక్షముననే నిలిచెను గదా!

పెర్కషన్ అను మాట వైద్యమునకును ఎక్కినది. ఆస్ట్రియా దేశమున ఔయెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు రోగి ఱొమ్మును వ్రేళ్లతో తట్టి, లోపలి వ్యాధిని చెవితో గుర్తించు పద్ధతిని 1761లో గ్రంథస్థము చేసెను. ఆయన తండ్రి సత్రము నడిపినవాడు. పీపాలను తట్టి ఎంతవఱకు నిండినవో తెలిసికొనుట అక్కడివారికి అలవాటు. ఆరోగ్యవంతుని ఱొమ్ము దళసరి ఉన్నిగుడ్డ కప్పిన భేరివలె మ్రోగునని ఆయన వ్రాసెను. ఆ గ్రంథమును లోకము చాలకాలము పట్టించుకొనలేదు. 1808లో కోర్విసార్ అను వైద్యుడు దానిని ఫ్రెంచిలోనికి తెచ్చిన పిమ్మటనే దానికి గౌరవము కలిగినది. వాతోదర రోగి కడుపు తట్టినచో గాలినింపిన తోలుతిత్తివలె పలుకునని మన చరకసంహిత అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే గుర్తించినది. తోలు, గాలి, వ్రేలు, చెవి: వైద్యునికిని వాద్యకారునికిని సామగ్రి ఒక్కటియే!

చర్మమును ఊరక బిగించి కొట్టినచో పుట్టు ఉపస్వరములు ఒకదానితో నొకటి పొసగవు. మృదంగపు కుడిమూతపై మెత్తు నల్లని కరణ వానిని శ్రుతిలోనికి తెచ్చునని, విశాఖపట్టణమున చదువుకొని పెరిగిన సి.వి. రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికయందు నిరూపించెను. ఆ కరణను పొరపొరగా మెత్తి, రాయితో రుద్ది, తట్టి వినుచు సరిచేసిన పనివారి చెవికి ఈ సంగతి ఎప్పుడో తెలియును.

గోదావరి సీమ చెమ్మగాలికి డప్పు మూత సడలిపోవును. కావుననే ఊరేగింపు కదలకముందు డప్పువారు వీథిమూలను గడ్డిమంట వేసి, డప్పును సెగకు చూపి, ఒక్క వ్రేలితో తట్టి చెవియొగ్గెదరు. మ్రోత ఇంకను మందముగా నున్నచో మఱల మంటకు పట్టెదరు.