నీమో ఒక టీమ్‌లో, అల్లూరి ఇంకో టీమ్‌లో

అలన్ మూర్ రాసి, కెవిన్ ఓనీల్ బొమ్మలు వేసిన ‘ద లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్’ కామిక్స్ 1999లో మొదలై 2019 దాకా నడిచాయి. ఐడియా చెబితే సినిమా పిచ్చోళ్ల కబుర్లలా ఉంటుంది. ‘డ్రాక్యులా’లోని మీనా, ‘కింగ్ సాలమన్స్ మైన్స్’లోని వేటగాడు క్వాటర్‌మెయిన్, జెకిల్-హైడ్, అదృశ్య మానవుడు, కెప్టెన్ నీమో, వీళ్లందర్నీ 1898లో బ్రిటిష్ గూఢచారి శాఖ ఒక జట్టుగా కూడగడుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో రచయిత సొత్తు. కాపీరైట్ గడువులు తీరిపోయాయి కాబట్టి మూర్ ఎవర్నీ పర్మిషన్ అడగక్కర్లేకపోయింది.

సరదాగా మొదలైన ఈ ఆటలో ఒక విషపు చుక్క ఉంది. ఈ టీమ్‌కి ఆర్డర్లిచ్చే ‘ఎం’ అనే పెద్దమనిషి చివరికి ప్రొఫెసర్ మోరియార్టీ అని తేలుతుంది. అంటే సామ్రాజ్యాన్ని నడిపేవాడూ, సామ్రాజ్యంలోకెల్లా పెద్ద నేరస్తుడూ ఒకడే. టీమ్ కట్టడం కన్నా ఆ టీమ్ ఎవరి కింద పని చేస్తోందన్నదే మూర్‌కి ముఖ్యం.

మనకి ఇందులో నీమో మరీ ముఖ్యం, ఎందుకంటే అతను మనవాడు. జూల్ వెర్న్ మొదట అతన్ని రష్యా మీద పగబట్టిన పోలండ్ దొరగా అనుకున్నాడు. రష్యాలో పుస్తకాల అమ్మకాలు దెబ్బతింటాయని ప్రచురణకర్త ఒప్పుకోలేదు. దాంతో ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్’లో నీమోకి ఊరూ పేరూ లేకుండా పోయాయి. 1875లో పూర్తయిన ‘మిస్టీరియస్ ఐలండ్’లో గానీ అతను బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్ అనీ, టిప్పు సుల్తాన్‌కి బంధువనీ, 1857లో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడి భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్నాడనీ బయటపడదు. అలాంటివాడు బ్రిటన్ కోసం పనిచేయడమేమిటి? మూర్ ఈ ప్రశ్నని దాచలేదు. రెండో సంపుటంలో మార్స్ గ్రహవాసుల మీద లండన్ ప్రభుత్వం రోగక్రిముల ఆయుధం వాడి సొంత జనాన్నే చంపుకుంటుంది. నీమో అసహ్యించుకుని తన నౌక ఎక్కి వెళ్లిపోతాడు. పాత్ర తన పాత కథని మర్చిపోలేదు. ఇలాంటి కల్పనలకి పెట్టాల్సిన పరీక్ష ఇదేనని నా అభిప్రాయం: ఎవర్నైనా కొత్త టీమ్‌లో చేర్చు, కానీ వాళ్ల మూటాముల్లే కూడా తెచ్చుకోనివ్వు.

ఈ పరీక్షని తూర్పు కనుమల మీద పెట్టి చూద్దాం. మన తెలుగు ‘లీగ్’ 2022 మార్చి 25న థియేటర్లకి వచ్చింది. ‘ఆర్ఆర్ఆర్’లో రాజమౌళి చేసింది అచ్చంగా మూర్ చేసిన పనే. మన్యంలో పోరాడిన అల్లూరి సీతారామరాజు, ఆసిఫాబాద్ అడవుల్లో నిజాం మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన కొమురం భీం చరిత్రలో ఎప్పుడూ కలవలేదు. ఇద్దరూ కొన్నేళ్లు ఇల్లొదిలి ఎటో వెళ్లారు కదా, ఆ ఖాళీలో కలిసి ఉంటే ఎలా ఉండేది అన్నది ఆయన ఊహ. గొప్ప ఊహ. సినిమా హాల్లో నేనూ ఈలలు వేశాను, ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

కానీ మూటాముల్లే సంగతి? సినిమాలో రామరాజు బ్రిటిష్ పోలీసాఫీసరు. ఊరికి తుపాకులు చేర్చడం కోసం దొరల నమ్మకం సంపాదిస్తూ పైకెక్కుతుంటాడు. అసలు మన్యంలో తుపాకులు దొరికిన దారి వేరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టాడు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న పాత ఫితూరీదారు మొట్టడం వీరయ్య దొరని విడిపించారు. కొలువులో చేరి నమ్మకం సంపాదించడానికీ, పట్టపగలు లెక్క రాసిచ్చి పట్టుకెళ్లడానికీ చాలా తేడా ఉంది. మొదటిది లీగ్ పద్ధతి, రెండోది మన్యం పద్ధతి.

వీరయ్య దొర ప్రస్తావన ఊరికే తేలేదు. అల్లూరి కొండలకి తిరుగుబాటు నేర్పలేదు, అక్కడ అది అప్పటికే ఉంది. 1879లో, అంటే నీమో గుట్టు విప్పిన నవలకీ క్వాటర్‌మెయిన్ పుట్టిన నవలకీ మధ్య, అచ్చమైన విక్టోరియా రోజుల్లో, రంప ఫితూరి జరిగింది. చెట్టుకి కల్లు గీసుకుంటే పన్ను, రంప మున్సబుదారు దోపిడీ, అతనికి వత్తాసుగా పోలీసులు, ఇవీ కారణాలు. తమ్మన్న దొర, చంద్రయ్య, అంబుల్ రెడ్డి నాయకులు. తమ్మన్న దొరనీ, చంద్రయ్యనీ 1880లో చంపేశాకే అది చల్లారింది. ఇంగ్లీషు కుర్రాళ్లు ఆఫ్రికా కొండల్లో వజ్రాలు వెతికే కథలు చదువుతున్న కాలంలో, అదే సామ్రాజ్యం ఇక్కడి కొండల్లో కల్లుకుండ మీద పన్ను వేసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకోవడం, పశువులు మేపుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం కూడా నేరాలయ్యాయి.

మన్యంలో 1922 నాటికి ఉన్న అసలు టీమ్ ఈ కష్టాల్లోంచి వచ్చింది. గాం గంటం దొర బట్టిపనుకుల మునసబుగా ఉండి, గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్‌తో తగువులో పదవి పోగొట్టుకున్నాడు. అతని తమ్ముడు మల్లు దొర. ఇంకా ఎండు పడాలు, అగ్గిరాజు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయిస్తూ కూలి సరిగ్గా ఇవ్వకుండా కొండవాళ్ల చేత చాకిరీ చేయించారన్నది ఆనాటి పెద్ద ఫిర్యాదు. ఇప్పుడు చలికాలం వీకెండ్లలో మనం మంచు చూడ్డానికి కార్లేసుకుని వెళ్లేది ఆ ఘాట్ దారినే.

ఎదుటి జట్టు కూడా చూడదగ్గదే. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచిన భారతీయ సిపాయిల్ని వదిలేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని కాల్చాక, ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసుల్ని దించింది. తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఈశాన్య కొండల్లో యుద్ధం నేర్చిన దళాన్ని తూర్పు కనుమల మీదకి తోలడమన్నమాట. తన దగ్గరున్న ‘అసాధారణ’ మనుషుల్ని ఏరి, ఒకరి కొండ మీదకి ఇంకొకర్ని పంపడమే సామ్రాజ్యం పని అన్న మూర్ ఊహ, ఇక్కడ ఊహ కాదు, అడ్మినిస్ట్రేషన్. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజుని చెట్టుకి కట్టేసి కాల్చారు. మరుసటి నెల గంటం దొర పోరులో చనిపోయాడు.

సినిమా చివర్లో భీం తనకి చదువు కావాలంటాడు. రామరాజు జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసిస్తాడు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన సీను ఇది. ఆ నినాదం గోండు పోరాటంతో, భీం పేరుతో ముడిపడ్డది. దాన్ని మైదానం నుంచి వచ్చినవాడి చేత రాయించి, అడవి మనిషికి పాఠంలా అందించారు. నీమో చేతికి అతని నాటిలస్‌నే బ్రిటిష్ వాళ్లు బహుమతిగా ఇచ్చినట్టు ఉంది. ‘ఇది కల్పనే, చరిత్ర కాదు’ అని ముందే చెప్పారుగా అనొచ్చు. నిజమే. కానీ లీగ్ అంతకన్నా పచ్చి కల్పన, అయినా నీమో పగని నీమో దగ్గరే ఉంచింది. కల్పన అవునా కాదా అన్నది కాదు గొడవ. ఎవరి మాటని ఎవరి నోట పెట్టామన్నది.

ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆ సినిమా లేకపోతే భీం పేరు తెలంగాణ దాటి ఎంతమందికి తెలిసేది? నిజమే, పేరు చేరింది. అల్లూరి పేరైతే 1974లో కృష్ణ సినిమాతోనే ఇంటింటికీ చేరింది. ఆర్ఆర్ఆర్ వచ్చిన పది రోజులకి, 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అరకు లోయని కలుపుకుని అల్లూరి సీతారామరాజు జిల్లా కూడా ఏర్పడింది. కానీ పేరొక్కటే ఎంత దూరం మోస్తుంది? టీమ్ కథల్లో మనకి అలవాటైన లెక్క ఒకటుంది: మొహం గుర్తుపట్టగలిగితేనే హీరో, మిగతావాళ్లు గుంపు. క్వాటర్‌మెయిన్ నవలల్లో ఆఫ్రికా మనుషులకి దక్కేది చాలావరకు ఆ రెండో చోటే. మన సినిమాల్లో కొండ మనుషులకీ అంతే.

ఆ గుంపులోని ఒక మనిషి కథ మాత్రం ఏ స్క్రిప్టు రైటరూ ఊహించనంత దూరం వెళ్లింది. గంటం దొర తమ్ముడు మల్లు దొర పట్టుబడ్డాడు, అండమాన్ జైలుకి వెళ్లాడు, తిరిగొచ్చాడు. 1952లో దేశంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో, ఇద్దరు సభ్యుల విశాఖపట్నం నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా గెలిచి లోక్‌సభకి వెళ్లాడు. ఒకప్పుడు ఏ ప్రభుత్వం తుపాకుల కోసం స్టేషన్ల మీద పడ్డాడో ఆ ప్రభుత్వం పోయి, దాని చోట వచ్చిన సభలో కూర్చున్నాడు. ఎవరైనా మన్యం మీద ఒక గ్రాఫిక్ నవల గీయాలనుకుంటే, మొదటి ప్యానెల్‌లో అతన్ని పెట్టమని నా సలహా.