కోటిపల్లి రైలు – అరవై నాలుగేళ్ల ఎదురుచూపు



రైళ్ల చరిత్ర ఆడవాళ్లకెందుకు అంటారా? సామాను సర్దేది, చంటిపిల్లను చంకనేసుకుని బండెక్కేది, దిగాక పెట్టెలు లెక్కపెట్టుకునేది మనమే కదండీ! బండి ఉంటే ఎంత సుఖమో, లేకపోతే ఎంత అవస్థో మనకంటె తెలిసినవారెవరు? అందుకే ఈవేళ మన గోదావరి సీమలో వచ్చి, పోయి, మళ్లీ వచ్చిన ఒక రైలు సంగతి చెప్పుకుందాం.

కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. దూరం సుమారు 45 కిలోమీటర్లు. ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి, కోటిపల్లిలో గౌతమి ఒడ్డున సోమేశ్వరస్వామి. కోటిపల్లి రేవులో పడవెక్కితే అవతల ముక్తేశ్వరం, అటుపైన అమలాపురం. అంటే ఆ రైలు కోనసీమ గుమ్మం దాకా వచ్చి ఆగేదన్నమాట. అప్పట్లో కాకినాడే జిల్లాకు ముఖ్య పట్టణం. కచేరీ పనికైనా, కాలేజీ చదువుకైనా, పెద్దాసుపత్రికైనా అక్కడికి వెళ్లక తప్పేది కాదు. మంచి రోడ్లూ, బస్సులూ లేని ఆ కాలంలో పల్లెటూరి వాళ్లకు ఈ బండి ఎంత ఆసరాగా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆ ఆసరా పన్నెండేళ్లే నిలిచింది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయింది. యుద్ధానికి ఇనుము కావాలి, పట్టాలు కావాలి. రాబడి తక్కువని తోచిన శాఖా లైన్లను దేశంలో పలుచోట్ల ఊడదీశారు. అందులో మన కోటిపల్లి లైను కూడా పోయింది. 1940లో బండి ఆగిపోయింది, పట్టాలు తరలిపోయాయి. ఎక్కడో సముద్రాల అవతల జరిగే యుద్ధానికి ద్రాక్షారామం తీర్థానికి వెళ్లే ముసలమ్మ తన రైలును ఇచ్చుకోవలసి వచ్చింది. ఆమెను అడిగినవారెవరు?

పోనీ, యుద్ధం అయిపోయాక తిరిగి వేశారా అంటే, అదీ లేదు. 1945లో యుద్ధం ముగిసింది. 1947లో స్వరాజ్యం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. అన్నీ వచ్చాయి గాని కోటిపల్లికి రైలు రాలేదు. తీసెయ్యడానికి ఒక్క ఉత్తరువు చాలు. తిరిగి వెయ్యాలంటే మాత్రం సర్వే కావాలి, అంచనా కావాలి, మంజూరు కావాలి, ఏటేటా బడ్జెటులో సొమ్ము కావాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒకటే ప్రశ్న: ఎంతమంది ఎక్కుతారు, ఎంత రాబడి వస్తుంది? పదేళ్ల పిల్లగా ఆఖరి బండిని చూసిన మనిషికి రెండో బండి వచ్చేసరికి డెబ్బై నాలుగేళ్లు నిండాయంటే చూడండి!

ఈ పనిని పట్టుబట్టి నడిపించిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు జి.ఎం.సి. బాలయోగి గారిది. గౌతమి ఒడ్డునే ఎదుర్లంకలో పుట్టారు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు, 1998లో స్పీకరయ్యారు. ఏరు దాటడమంటే ఏమిటో పుట్టిన దగ్గర్నుంచి ఎరిగిన మనిషి. కాని 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. కోటిపల్లికి రైలు 2004లో వచ్చింది. ఆయన చూడలేదు.

సరే, రైలు వచ్చింది కదా, జనం విరగబడి ఎక్కారా? ఎక్కలేదు. ఇక్కడే మనం కాస్త ఆలోచించాలి. ఈ అరవై నాలుగేళ్లలో రోడ్లు పడ్డాయి, బస్సులు వచ్చాయి. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద రోడ్డు వంతెన కూడా వచ్చింది. దానికి బాలయోగి గారి పేరే పెట్టారు. కాకినాడలో బస్సెక్కితే ఏరు దాటి కోనసీమలో దింపుతుంది. రైలేమో పాతకాలంలో లాగే ఒడ్డున ఆగిపోయేది. ఆ లైను మీద ఒంటిపెట్టె రైలు బస్సు నడిపారు. 2020లో కోవిడ్ వచ్చి దేశమంతటా పాసింజరు బళ్లు ఆగినప్పుడు అదీ ఆగింది. మళ్లీ నడపండి మహాప్రభో అని ఊళ్లవాళ్లు అడుక్కోవలసి వచ్చింది. జనం లేరు కదా అనే మాట ఎలాగూ ఉంది.

సగం మెట్లు కట్టి వదిలేసి, మేడ మీదికి ఎవరూ ఎక్కడం లేదంటే మనం ఒప్పుకుంటామా? కోటిపల్లి ఆ దారికి చివర కాదండీ, నడిమి. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురానికి మరో 57 కిలోమీటర్ల లైను 2000–01 రైల్వే బడ్జెటులోనే మంజూరయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ – మూడు పాయలు దాటాలి. భూమి సేకరించాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం ఇవ్వాలని ఏర్పాటు. ఒక ఏడు సొమ్ము చాలకపోతే పని నిలిచేది. పని నిలిస్తే ధరలు పెరిగేవి. పెరిగిన ధరకు మళ్లీ కొత్త అంచనా. అలా పెరిగి పెరిగి అంచనా రెండు వేల కోట్ల రూపాయలు దాటింది. కోటిపల్లి రేవు దగ్గర గౌతమిలో స్తంభాలు లేచి నిలబడ్డాయి. వాటి మీదుగా బండి మాత్రం ఇంకా దాటలేదు.

ఆలస్యమంటే ఊరికే రోజులు గడవడం కాదని ఈ కథవల్ల తెలుస్తుంది. ఆలస్యం అవసరాన్నే మరిపిస్తుంది. మరిచిపోయాక, అవసరమే లేదు కదా అంటుంది. ఈలోగా నెలలు నిండిన కోడలిని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లే అత్తగారు కుదుపుల బస్సులో చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఆ ఖర్చు ఏ అంచనాలోనూ వెయ్యరు.

ఈసారి ద్రాక్షారామం దర్శనానికి వెళితే కోటిపల్లి రేవు దాకా కూడా వెళ్లి రండి. ఏటిలో నిలబడిన ఆ స్తంభాలను పిల్లలకు చూపించండి. ఇవి ఎందుకమ్మా అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. 1928 నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పండి. అడిగేవాళ్లు మిగిలి ఉన్నంతవరకే ఇలాంటి పనులు ముందుకు సాగుతాయి మరి.