పెంపుడు జంతువుల పిల్లదశలో స్వభావ పరిశీలన: తొర్రూరు ప్రాంత నేపథ్యంలో చారిత్రక అధ్యయనం

వ్యాససంగ్రహం: పశువును చూసి దాని స్వభావాన్ని అంచనా వేయడం తెలుగు రైతుకు పాత విద్య. పెంపుడు జంతువుల పిల్లదశలోనే ప్రవర్తనను పరిశీలించడం ఆధునిక పశువైద్యంలో కొత్తగా బలపడిన విధానం. ఈ రెండింటి మధ్య సామ్యభేదాలను చారిత్రకంగా పరిశీలించి, తొర్రూరు వంటి పట్టణాల పశువైద్యశాలల్లో ఈ విధానానికి ఉన్న ఆవశ్యకతను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పశువైద్యం, స్వభావం, సుడులు, కుక్కపిల్లలు, సరమ, తొర్రూరు.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలో నన్నయ చెప్పిన తొలి కథలలో ఒకటి కుక్కపిల్లది. జనమేజయుడు యాగం చేస్తున్నచోటికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొట్టారు. తల్లి సరమ వచ్చి, ఏ తప్పూ చేయని పసివాణ్ణి ఎందుకు కొట్టారని నిలదీసింది. యుక్తాయుక్తాలు విచారించకుండా సాధువులకు కీడు చేసేవారికి ఊహించని భయాలు కలుగుతాయని హెచ్చరించి వెళ్లింది. పురాణార్థం ఎలా ఉన్నా, పిల్లదశలో తగిలిన దెబ్బకూ తరువాత పుట్టే భయానికీ సంబంధం ఉందన్న సూచన ఈ కథలో కనిపిస్తుంది. ఆధునిక పశువైద్యం ఇదే సంబంధాన్ని వేరే మార్గంలో గుర్తించింది. అయితే కథలో భయం కొట్టినవారికి కలిగింది. వాస్తవంలో అది మొదట దెబ్బ తిన్న జీవికి, దాని ద్వారా చుట్టూ ఉన్నవారికి కలుగుతుంది.

2. సుడి, పన్ను, నడక

తొర్రూరు ఒకప్పటి వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జరిగిన పునర్విభజనతో మహబూబాబాదు జిల్లాలో చేరింది. పాల్కురికి సోమన పేరుతో ముడిపడిన పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర ఈ పరిసరాల్లోనివే. పోతన హాలికుడని లోకప్రసిద్ధి. సేద్యమే జీవనాధారమైన ఇటువంటి ప్రాంతంలో పశువును ఎంచుకోవడం కుటుంబ భవిష్యత్తును నిర్ణయించే పని. అంగడికి వెళ్లిన రైతు కోడె పళ్లు చూసి వయసు తెలుసుకుంటాడు. నడిపించి కాళ్లు చూస్తాడు. వీపు మీద చేయి వేసి బెదురుతుందో లేదో గమనిస్తాడు. పాడిపశువైతే పొదుగు తాకి తన్నుతుందో లేదో చూస్తాడు. వీటన్నిటితో పాటు ఒంటిమీది సుడులను లెక్కపెడతాడు.

సుడులను బట్టి శుభాశుభాలు నిర్ణయించడం అశ్వశాస్త్ర సంప్రదాయంలోనూ ఉంది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ గ్రంథం ఆ సంప్రదాయానికి చెందినదే. రైతు చేసే పరీక్షలో రెండు భిన్నమైన అంశాలు కలిసి ఉన్నాయని ఇక్కడ గుర్తించాలి. చేయి వేసి చూడటం ప్రవర్తనా పరీక్ష. సుడి చూడటం లక్షణ పరీక్ష. మొదటిది పశువు ఇప్పుడు ఏం చేస్తున్నదో చెబుతుంది. రెండవది యజమానికి రేపు ఏం జరుగుతుందో చెబుతానంటుంది.

సుడి నమ్మకంలో కొంత పరిశీలన కూడా ఉండవచ్చు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్, ఆమె సహచరులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో, నుదుటి సుడి కంటి మట్టానికి పైన ఉన్న పశువులు కట్టడిలో ఎక్కువగా కలవరపడ్డాయని తేలింది. కానీ ఈ ఫలితం పశువు బెదురుకు మాత్రమే సంబంధించినది, ఇంటికి అరిష్టం వస్తుందనడానికి ఆధారం కాదు.

రైతు అనుభవంలో మూడవ అంశం కూడా ఉంది. కొత్త కోడెను అనుభవమున్న ఎద్దుకు జతకట్టి, క్రమంగా కాడికి అలవాటు చేస్తారు. అంటే స్వభావం పుట్టుకతోనే స్థిరపడిపోదని, అలవాటుతో మారుతుందని రైతుకు తెలుసు. నేటి ప్రవర్తనా వైద్యానికి అత్యంత సన్నిహితమైన దేశీయ జ్ఞానం ఇదే.

3. పశువైద్య వ్యవస్థ: కుక్క స్థానం

హైదరాబాదులో పశువైద్య కళాశాల 1946లో ఏర్పడింది. తెలంగాణ ఏర్పడిన తరువాత పి.వి. నరసింహారావు పేరిట ప్రత్యేక పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. 1962 నంబరుతో సంచార పశువైద్యశాలలు 2017లో మొదలయ్యాయి. ఈ వ్యవస్థకు పాడి, సేద్యం, గొర్రెల పెంపకం సహజంగానే కేంద్రాలు. కుక్క అందులో ప్రధానంగా రేబిస్ టీకా సందర్భంలోనే కనిపిస్తుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేయించిన సందర్భాన్ని పురస్కరించుకొని, ఏటా ఆ రోజున పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు. ప్రపంచంలోని రేబిస్ మరణాలలో 36 శాతం భారతదేశంలోనే సంభవిస్తున్నాయన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా దృష్ట్యా ఈ కార్యక్రమం ప్రాణరక్షకం. అయితే టీకా రేబిస్ నుండి కాపాడుతుందే గాని కాటును ఆపదు. కాటుకు మూలం తరచుగా భయం.

4. పిల్లదశపై పరిశోధన

1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ తమ ప్రయోగంలో కుక్కపిల్లలను మనుషుల స్పర్శ లేకుండా పెంచి, వేర్వేరు వయసుల్లో కొన్నాళ్లపాటు మనుషులకు అలవాటు చేశారు. పద్నాలుగు వారాల వరకు మనిషి చేయి తగలనివి ఆ తరువాత మచ్చిక కావడం చాలా కష్టమైంది. 1965లో స్కాట్, ఫుల్లర్ ప్రచురించిన గ్రంథం, సుమారు మూడు నుండి పన్నెండు వారాల మధ్యకాలం సాంఘిక వికాసానికి కీలకమని స్థాపించింది.

తొలి టీకాలకు పిల్లను తెచ్చే వయసు ఆరు నుండి ఎనిమిది వారాలు. రేబిస్ టీకా సుమారు మూడు నెలలకు. అంటే ఆ కీలకకాలంలోనే పశువైద్యుడు పిల్లను చూస్తున్నాడు. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాలు రెండు నెలలు నిండని పిల్లలను అమ్మరాదని నిర్దేశించడం కూడా ఇక్కడ గమనార్హం.

5. జోస్యం కాదు, పరిశీలన

పిల్లదశ పరీక్షతో పెద్దయ్యాక కుక్క ఎలా ఉంటుందో చెప్పవచ్చన్న ఆశ పాశ్చాత్యులకూ ఉండేది. 2014లో వియన్నా పరిశోధకులు బోర్డర్ కోలీ జాతి పిల్లలను ఆరేడు వారాల వయసులో పరీక్షించి, పెద్దయ్యాక మళ్లీ పరీక్షించారు. అన్వేషణాసక్తి మినహా మిగతా గుణాలలో పొంతన చాలా స్వల్పం. ఆ ఆశ ఒక విధంగా సుడిశాస్త్రానికి కొత్త రూపమే.

కాబట్టి నేటి పరిశీలన ప్రయోజనం భవిష్యత్తు చెప్పడం కాదు, ప్రస్తుత భయాన్ని గుర్తించడం. కొత్త మనిషి వస్తే పిల్ల దగ్గరికి వస్తుందా, మూలకు నక్కుతుందా? చెవి, పాదం, నోరు తాకనిస్తుందా? తింటుండగా దగ్గరికి వెళితే గుర్రుమంటుందా? చప్పుడుకు బెదిరితే ఎంతసేపటికి తేరుకుంటుంది? పరీక్ష బల్ల మీద తిండి పెడితే తింటుందా? ఈ ప్రశ్నలకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. హఠాత్తుగా చిరాకు మొదలైతే ముందు చెవిపోటు, కీళ్ల నొప్పి వంటి శారీరక కారణాలను వెతకాలి. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను ఇంట్లోనే బంధించాలన్న అభిప్రాయాన్ని కూడా అమెరికా పశుప్రవర్తనా వైద్యుల సంఘం 2008లో సవరించింది. మొదటి టీకా వేసిన వారం తరువాత, శుభ్రమైన పరిసరాల్లో, ఆరోగ్యంగా ఉన్న కుక్కలతోనూ మనుషులతోనూ పరిచయం మొదలుపెట్టవచ్చని సూచించింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• పశువు స్వభావాన్ని తాకి, నడిపించి తెలుసుకునే పద్ధతి తెలుగు రైతుకు కొత్త కాదు. దానిని కుక్కపిల్లలకు, పిల్లికూనలకు విస్తరించడమే కొత్త.

• లక్షణ పరీక్ష జంతువుపై ముద్ర వేస్తుంది. ప్రవర్తనా పరిశీలన దానికి అవకాశం ఇస్తుంది. “పొగరుది” అని పేరుపడి వీధిపాలయ్యే పిల్లకు ఈ భేదమే జీవన్మరణ సమస్య.

• తొర్రూరు వంటి పట్టణంలో జూలై 6న టీకాకు తెచ్చిన ప్రతి పిల్ల గురించి యజమానిని పై ప్రశ్నలు అడిగి, టీకా కార్డు మీదే జవాబులు రాయడం సాధ్యమే.

సరమ రాజును అడిగింది ఒక్కటే: నా బిడ్డ ఏం చేశాడో విచారించారా అని. పిల్లను దండించే ముందు విచారించడం నేటి పశువైద్యశాలలో మొదలుకావాలి.